సెక్షనక్క ప్రకటించిన ఐదో రోజు

ఆ కార్ఖానాలో ఆమె పేరు లువా అన్న సంగతి జీతం చీటీకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. దక్షిణాది కార్ఖానాల పట్టణం థువాన్ ఆన్‌లో వీపుసంచులు కుట్టే ఆ షెడ్డులో ఆమెతో పాటు పనిచేసే నూట పదిహేడు మందికీ ఆమె సెక్షనక్క. ఎవరైనా తలనొప్పిగా ఉందంటే మాత్ర కన్నా ముందు సెక్షన్ నంబరు అందించే మనిషికి అంతకన్నా తగిన పేరు దొరకదని ఆమె కూడా ఒప్పుకునేది. పన్నెండేళ్లుగా ఆమె పని సంచులకు జిప్పులు కుట్టడం. ఊరందరి సంచులకూ మూత బిగించగలిగిన తాను, తన నోటికి మాత్రం ఒక్క జిప్పు కుట్టుకోలేకపోయానని తన గురించి తనే చెప్పుకునేది.

చట్టం చదవడానికి కారణం న్యాయం మీద ప్రేమ అని చెప్పుకోవాలని ఆమెకు ఎంతో ఉండేది. నిజం అంత ఘనమైనది కాదు. పందొమ్మిదేళ్లకు మధ్య తీరంలోని క్వాంగ్ ఙాయ్ నుంచి వచ్చి పనిలో చేరిన మూడో ఏట ఆమె అక్కకు పెళ్లి కుదిరింది. సెలవు అడిగితే అప్పటి సూపర్‌వైజరు, "పెళ్లి మీ అక్కది కదా, సెలవు నీకెందుకు?" అన్నాడు. ఆమె తిరిగి వచ్చి మెషీను ముందు కూర్చుంది. పెళ్లిని ఫొటోలలో చూసింది. రెండేళ్ల తరువాత ఎవరో పంచిన కరపత్రంలో చదివింది: తోబుట్టువుల పెళ్లికి ఒక రోజు జీతం లేని సెలవు కార్మికుల హక్కు, యజమానికి తెలియజేస్తే చాలు, బతిమాలనక్కరలేదు. తెలియజేయడానికీ బతిమాలడానికీ మధ్య ఉన్న ఆ తేడా ఆమెకు నిప్పులా తగిలింది. ఆ ఒక్క రోజు కోసం, అదీ జీతం లేని ఒక్క రోజు కోసం, సాయంత్రాలూ ఆదివారాలూ ధారపోసి నాలుగున్నరేళ్లు చదివి లా డిగ్రీ తెచ్చుకుంది. ఆమె పట్టా పుచ్చుకునేసరికి అక్కకు ముగ్గురు పిల్లలు.

పట్టా వచ్చాక ఆమెను కార్మిక సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. పోటీకి ఇంకెవరూ నిలబడలేదన్న వాస్తవాన్ని ఆమె ఎప్పుడూ దాచలేదు. ముప్పై ఒక్కేళ్ల ఆమెకు ఇంకా పెళ్లి కాలేదన్న వాస్తవాన్ని మిగతావాళ్లు దాచనివ్వలేదు.

"నూట పదిహేనో సెక్షన్ కింద పెళ్లికి మూడు రోజులు, జీతంతో సహా. అంతేనా అక్కా?" అనేది పక్క మెషీను తోమ్, అమాయకంగా మొహం పెట్టి.

"అంతే."

"మరి పన్నెండేళ్లుగా ఆ మూడు రోజులూ బూజు పట్టిస్తున్నావే! కార్మికుల హక్కుల్ని వాడుకోకుండా వదిలేస్తే యజమానులు అలుసు తీసుకుంటారని నువ్వే కదా చెప్పింది?"

అలాంటప్పుడు సెక్షనక్కకు ఏ సెక్షనూ గుర్తొచ్చేది కాదు.

తోమ్‌కు ఇరవై ఆరేళ్లు. ఉత్తరాన ఉన్న నే ఆన్ నుంచి వచ్చింది. నాలుగేళ్ల కూతురు మిత్ అక్కడ ఊళ్లో తండ్రి దగ్గర, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. బస్సులో ఎక్కి పడుకుంటే అక్కడికి ముప్పై గంటలు. కిందటి టెట్ కొత్త సంవత్సరానికి తోమ్ డెంగీ జ్వరంతో ఆసుపత్రిలో పడి ఊరికి వెళ్లలేకపోయింది. కూతుర్ని చూసి పద్నాలుగు నెలలైంది. ఆ పిల్ల ఇప్పుడు ఎవరైనా మీ అమ్మేదమ్మా అని అడిగితే, "మా అమ్మ ఫోన్లో ఉంటుంది" అని చెబుతుందట. తోమ్ దీన్ని అందరికీ నవ్వుతూనే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ తరువాత పావుగంట సేపు ఆమె మెషీను మామూలు కన్నా వేగంగా తిరిగేది.

ఆ ఏడాది చాంద్రమానంలో రెండో నెల రెండుసార్లు వచ్చింది. దానితో మూడో నెల పదో తిథి ఆలస్యమై, దేశాన్ని తొలిగా ఏలిన హుంగ్ రాజుల స్మరణ దినం ఏప్రిల్ ఇరవై తొమ్మిది శనివారం నాడు పడింది. ముప్పయ్యో తేదీ ఆదివారం విజయ దినం. ఆ మర్నాడు మే డే. మూడు పండుగలు రైలు పెట్టెల్లా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఫిబ్రవరిలోనే పత్రికలు పెద్దక్షరాలతో రాశాయి: ఐదు రోజుల సెలవులు! లా కాలేజీలో లువాతో చదువుకున్నవాళ్ల ఫోన్ గుంపులో, బ్యాంకులోనూ పన్నుల కార్యాలయంలోనూ ఉద్యోగాలు చేసేవాళ్లు, సముద్రానికి వెళ్దామా కొండలకు వెళ్దామా అని తగువులాడుకుంటున్నారు. లువా వాళ్లతో పాటు సంతోషించింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. భోజనాల షెడ్డులో మంచినీళ్ల డ్రమ్ము పక్కనున్న సంఘం నల్లబల్ల మీద, గుండ్రని అక్షరాలతో ఇలా రాసింది: "ఏప్రిల్ 29 నుంచి మే 3 వరకు ఐదు రోజులు సెలవు. సెక్షన్లు 111, 112. సందేహాలున్నవారు నన్ను అడగవచ్చు."

ఎవరికీ సందేహం రాలేదు. తరువాత ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా కోసిన విషయం అదే. అదే మాట యాజమాన్యం రాసి ఉంటే నూట పదిహేడు మందీ నాలుగు చోట్ల కనుక్కుని గాని నమ్మేవాళ్లు కారు. సెక్షనక్క రాసింది కనుక, నలభై ఒక్క మంది వారం తిరక్కుండా బస్సు టికెట్లు కొనేశారు. అందరికన్నా ముందు కొన్నది తోమ్.

"ముప్పయ్యో తారీకు తెల్లారేసరికి ఇంట్లో ఉంటానక్కా. మళ్లీ రెండో తారీకు సాయంత్రం బస్సు. రెండు రాత్రులు మిత్ నా పక్కలో పడుకుంటుంది," అంది. "మొదటి రాత్రి కొత్తకి ఏడుస్తుంది. రెండో రాత్రికి అలవాటవుతుంది. అందుకే రెండు రాత్రులు కావాలి. ఒక్క రాత్రయితే వెళ్లి ఏడిపించి వచ్చినట్టే."

"రెండు రాత్రులూ చట్టం ఇచ్చినవే. నువ్వెవరికీ రుణపడనక్కరలేదు," అంది లువా, ఆ రాత్రులను తన పర్సులోంచి తీసి ఇస్తున్నంత ఉదారంగా.

మార్చి మూడో వారంలో యాజమాన్యం నోటీసు గోడెక్కింది. ఏప్రిల్ ఇరవై తొమ్మిది నుంచి మే రెండు వరకు నాలుగు రోజులు సెలవు. మే మూడు, బుధవారం, ఉదయం ఏడున్నరకు పని ప్రారంభం.

షెడ్డంతా ఒకసారి నోటీసు వైపు, ఒకసారి నల్లబల్ల వైపు, చివరికి లువా వైపు చూసింది. ఆమె మెషీను ఆపింది. సంచిలోంచి కార్మిక చట్టం పుస్తకం తీసింది. "పది నిమిషాలు," అని తోమ్‌తో చెప్పి, సిబ్బంది వ్యవహారాల మేనేజరు తోవాన్ గది వైపు నడిచింది. దారిలోనే ఫిర్యాదు మొదటి పేరా మనసులో తయారైపోయింది. అందులో "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట రెండుసార్లు వచ్చింది.

తోవాన్ నెమ్మదైన మనిషి. ఎవరు ఎంత అరిచినా ఐసు వేసిన టీ గ్లాసును నిదానంగా తిప్పుతూ వింటాడు. లువా పుస్తకం తెరిచి, నూట పదకొండో సెక్షన్‌లో మూడో క్లాజును అతనికి వినిపించింది: వారపు సెలవు రోజు పండుగ సెలవుతో కలిసి వస్తే, దానికి బదులుగా ఆ తరువాతి పనిదినం సెలవు ఇవ్వాలి.

"శనివారం పండుగ, ఆదివారం పండుగ. రెండు రోజులు కలిసి వచ్చాయి. బదులు రెండు రోజులు: మే రెండు, మే మూడు. మీరు ఒకటి మింగేశారన్నా."

తోవాన్ గ్లాసు తిప్పడం ఆపాడు. "చెల్లెమ్మా, మన కార్ఖానాకి వారపు సెలవు ఏ రోజు?"

"ఆదివారం."

"మరి శనివారం?"

"శనివారం పని..." అని, ఆ మాట పూర్తయ్యేలోగా ఆమెకు తన గొంతు తనకే వినిపించింది.

పన్నెండేళ్లుగా ప్రతి శనివారం ఉదయం ఏడున్నరకు వేలిముద్ర వేసి పనిలోకి వస్తున్న మనిషి, శనివారం విశ్రాంతి దినమని నలభై ఒక్క మందికి రాసి ఇచ్చింది. శనివారం పనిదినమైనవాళ్లకు ఆ రోజు పండుగ సెలవుగానే వచ్చేసింది. దానికి బదులంటూ ఏమీ ఉండదు. బదులు వచ్చేది ఒక్క ఆదివారానికే. క్లాజులో తప్పు లేదు. ఆమె దాన్ని చదివిన తీరులోనూ తప్పు లేదు. కాకపోతే, తానొక బ్యాంకు గుమాస్తానైనట్టు చదివింది. నాలుగున్నరేళ్లు చదివి ఆమె చట్టంతో పాటు ఆఫీసువాళ్ల వారాన్ని కూడా నేర్చుకుని, తన వారాన్ని మరిచిపోయింది.

"టీ తాగుతావా?" అన్నాడు తోవాన్. అతను గెలిచినట్టు మొహం పెట్టి ఉంటే ఆమెకు కొంత సుఖంగా ఉండేది.

చట్టం ఎవరికీ ఒక్క రోజు కూడా తక్కువ ఇవ్వలేదు. ఆఫీసు మనిషికి మూడు పండుగలు, కార్ఖానా మనిషికీ అవే మూడు. తేడా పండుగలో లేదు, వారంలో ఉంది. ఒకరి వారానికి విశ్రాంతి రెండు రోజులు, మరొకరి వారానికి ఒకటి. ఏడాదికి యాభై రెండు రోజుల ఆ తేడాను ఏ పత్రికా ఏనాడూ పెద్దక్షరాలతో రాయలేదు. ఈ మాటలన్నీ ఆమెకు ఆ కుర్చీలోనే తట్టాయి. వాటిని గట్టిగా అరిచి చెప్పే హక్కు మాత్రం కనీసం ఆ పూటకు తనకు లేదని కూడా తట్టింది.

"మే మూడు కావాలంటే ఒక దారుంది," అన్నాడు తోవాన్. "ఏప్రిల్ ఇరవై మూడు ఆదివారం అందరూ పనిలోకి రండి. బదులు మూడో తారీకు మూసేద్దాం. ఇరవై నాలుగున కంటెయినరు వెళ్లాలి, నాక్కూడా పనికొస్తుంది. అంతకు ముందు ఆదివారమంటావా, గుడ్డ పందొమ్మిదికి గాని రాదు." ఆ తరువాత అల్మారా తెరిచి, ఒక ఫైలు తీసి, ఎర్రముద్ర ఉన్న కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. "కానీ నీ కాగితం ఒకటి ఉంది కదా."

ఉంది. కిందటేడాది టెట్ ముందు యాజమాన్యం వరసగా మూడు ఆదివారాలు పని చేయించింది. నోటీసు ప్రతిసారీ శనివారం సాయంత్రం గోడెక్కేది. లువా రెండు నెలలు పోరాడి ఆ నియమాన్ని రాయించింది: కార్ఖానాలోని ప్రతి కార్మికుడూ సంతకం చేస్తే తప్ప ఏ ఆదివారాన్నీ మరో రోజుతో మార్చరాదు; ఒక్క సంతకం లోపించినా మార్పు చెల్లదు. ఎక్కువమంది ఒప్పుకుంటే చాలునని తోవాన్ అన్నప్పుడు ఆమె బల్ల గుద్ది మరీ ఆ "ఒక్క" అన్న మాటను పెట్టించింది. తన జీవితంలో రాసిన వాక్యాలన్నిటిలోకీ అదే అందమైనదని ఆమె నమ్మకం. ఇప్పుడు చదివితే, తాను పడబోయే గోతికి తానే కొలతలు ఇచ్చినట్టుంది.

సంతకాలకు వారం పట్టింది. ఊరికి వెళ్లేవాళ్లు వెంటనే చేశారు. వెళ్లనివాళ్లలో కొందరు తిట్టి చేశారు, కొందరు ఆమె చేత ఐసు కాఫీ తెప్పించుకుని చేశారు. శుక్రవారానికి నూట పదిహేడు సంతకాలయ్యాయి. మిగిలింది ఒక్కటి. దారపు కొసలు కత్తిరించే సెన్ పిన్నిది.

సెన్ పిన్నికి యాభై మూడేళ్లు. భర్త పోయి ఎనిమిదేళ్లు. కార్ఖానా వెనక సందులో అద్దె గదుల వరసలో చివరి గది ఆమెది. లువా సాయంత్రం కాగితం పట్టుకుని వెళ్లేసరికి ఆమె గుమ్మంలో పీట వేసుకుని తూటికూర తుంచుతోంది.

"పిన్నీ, ఆ సంతకం..."

"కూర్చో ముందు. ఈ కట్ట నువ్వు తుంచు."

లువా కూర్చుని తుంచసాగింది. కాసేపటికి సెన్ పిన్నే అడిగింది. "మీ బాబాయి పోయినప్పుడు నీ చట్టం నాకు ఎన్ని రోజులిచ్చిందే?"

"మూడు. జీతంతో."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత... ఏమీ లేదు పిన్నీ. తద్దినాలకి సెలవు చట్టంలో లేదు."

"అంటే మూడు రోజుల్లో ఏడ్చేసి మరిచిపోవాలన్నమాట. నాకు చేతకాలేదు. ఏటేటా ఆయన తిథికి నా సెలవుల్లోంచి ఒకటి తీసి పెడుతూనే ఉన్నా. మూడో నెల నాలుగో తిథి. ఈ ఏడు నెల ఆలస్యమై, ఆ తిథి ఇరవై మూడో తారీకు ఆదివారం నాడు పడింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా ఆయనకి అన్నం పెట్టబోతున్నా. సరిగ్గా ఆ ఆదివారమే కావాలంటూ వచ్చావు."

"ఆ రోజుకి నువ్వొక్కదానివీ సెలవు చీటీ పెట్టుకోవచ్చు పిన్నీ. నేనే రాసిస్తా, తోవాన్ కాదనడు."

సెన్ పిన్ని కాడలు పక్కన పెట్టింది. "నా ఆదివారానికి నేను సెలవు చీటీ పెట్టుకోవాలా? ఈ మాట కిందటేడు తోవాన్ ముందు బల్ల గుద్ది అడిగిందెవరే? నేనా?"

లువా తల దించుకుని ఆకు తుంచింది. అప్పటికే తుంచేసిన ఆకు అది.

"ఒక్కరు కాదన్నా కాదన్నట్టే అని రాయించావు. బాగా రాయించావు. ఆ ఒక్కరూ నేనవుతానని నీకు తోచలేదు, అంతే. తోమ్ పిల్ల సంగతి నాకు తెలీదనుకున్నావా? తెలుసు. తెలిసీ కాదంటున్నా. నన్ను తిట్టుకోకు."

"నిన్ను తిట్టుకోడానికి నాకు ఖాళీ ఎక్కడిది పిన్నీ? తిట్లు తినే వరసలో ముందు నేనే ఉన్నా," అంది లువా.

సందు మొదట్లో తోమ్ ఎదురుచూస్తోంది. లువా మొహం చూసి సంగతి గ్రహించింది. "కళ్లద్దాలు లేకపోతే పిన్ని తన సంతకం తనే గుర్తుపట్టలేదు. ఒక్క గీత, ఒక సున్నా. నువ్వు పెట్టెయ్ అక్కా."

లువా జేబులో కలం ఉంది. ఆ కలాన్ని ఒక క్షణం తాకింది కూడా. ఆ నేరానికి వర్తించే సెక్షన్ నంబరు పిలవకుండానే వచ్చి ఎదుట నిలబడింది, దానితో పాటు శిక్ష. తన జ్ఞానం మీద ఆమెకు అంత రోత ఎన్నడూ పుట్టలేదు. అయితే ఆమెను ఆపింది సెక్షన్ కాదు. తుంచిన తూటికూర ఆకుపచ్చ మరక ఇంకా వేళ్ల మీదే ఉంది.

"పెట్టనే తోమ్. మూడో తారీకు లేదు."

తోమ్ వెనుదిరిగి సందులోంచి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల షెడ్డులో లువా స్టూలెక్కి నిలబడింది. ఆమెకు ప్రసంగాలంటే ఇష్టం. ఇంత చిన్న ప్రసంగం ఆమె ఎప్పుడూ చేయలేదు.

"సెలవు నాలుగు రోజులే. ఐదని రాసింది నేను. తప్పు యాజమాన్యానిది కాదు, చట్టానిది కాదు, పత్రికలది కూడా కాదు. మనకి శనివారం పని ఉంటుందన్న సంగతి నేను మరిచిపోయాను."

మొదట ఎవరూ నమ్మలేదు. తరువాత వెనక బల్ల నుంచి ఒక గొంతు: "ఏమన్నావు? 'తప్పు యాజమాన్యానిది కాదు' అన్నావా? ఇంకోసారి అనక్కా, రికార్డు చేసుకుంటా!"

"శనివారం మరిచిపోయిందట! రేపు జీతం కూడా మరిచిపోతే ఇటు ఇచ్చెయ్!"

"నాలుగున్నరేళ్లు చదివింది పాపం. మాలాగా చదువుకోకపోయుంటే వేళ్ల మీద లెక్కపెట్టేది."

నవ్వినవాళ్ల కన్నా నవ్వనివాళ్లే ఆమెకు ఎక్కువగా కనిపించారు. ఆ తరువాత మూడు సాయంత్రాలు, టికెట్లు కొన్న మిగతా నలభై మందినీ వెంటబెట్టుకుని బస్సు కంపెనీల కిటికీల ముందు నిలబడి, తిరుగు టికెట్లు ముందు రోజుకు మార్పించింది. ప్రతి కిటికీ దగ్గరా కారణం అడిగారు. "కారణం నేనే," అని ప్రతి కిటికీ దగ్గరా చెప్పింది.

తోమ్ మాత్రం టికెట్టు మార్చుకోవడానికి రాలేదు. అసలు వెళ్లనే వెళ్లనని చెప్పింది. పది రోజులపాటు పక్క మెషీను నుంచి వేళాకోళం వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో జిప్పులు కుట్టడం ఎంత విసుగు పుట్టించే పనో లువాకు పన్నెండేళ్లలో మొదటిసారి తెలిసింది. పదకొండో రోజు భోజనం దగ్గర ఆమె తన పళ్లెం తీసుకుని వెళ్లి తోమ్ ఎదురుగా కూర్చుంది.

"లేచిపోతే నీ వెనకే వస్తా. పళ్లెం కూడా తెస్తా."

తోమ్ లేవలేదు. మాంసం ముక్కను చాప్‌స్టిక్స్‌తో అటూ ఇటూ తిప్పుతూ చివరికి అంది. "నీ చట్టంలో అందరికీ అన్నీ ఉన్నాయి. చచ్చిపోతే మూడు రోజులు, పెళ్లయితే మూడు రోజులు. బతికున్న కూతుర్ని చూడటానికి ఒక్కటి లేదు."

"లేదు," అంది లువా. ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగింది. "నీ పెళ్లి మూడు రోజులైనా పూర్తిగా వాడుకున్నావా?"

"ఎక్కడ? టెట్ సెలవుల్లో విందు పెట్టేశాం. సెలవు అడగాల్సిన పనే రాలేదు."

"రిజిస్ట్రేషనో?"

"అదెక్కడవుతుంది! నేను ఊళ్లో ఉండేది పండగల్లో. పండగల్లో ఊరి కమ్యూన్ ఆఫీసుకి తాళం. వాళ్లు తలుపు తీసేసరికి నేను బస్సులో ఉంటా. మిత్ పుట్టినప్పుడేమో పురిటి హడావిడి. పెళ్లి కాగితం లేదని పుట్టిన కాగితంలో మా ఆయన వియెన్ పేరు రాయలేదు, తండ్రి అన్న చోట ఖాళీ. కిండర్‌గార్టెన్‌లో టీచరు అడిగిందట. వియెన్ ఏమో, నేనే తండ్రినండీ, ఇదిగో ఎదురుగానే ఉన్నాను కదా అన్నాట్ట..."

లువా చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది.

"ఇంకోసారి చెప్పు. మీకు పెళ్లి కాలేదా?"

"మెల్లిగా! విందుకి మూడొందల మంది తిన్నారు. ఎందుకవలేదు?"

"తిన్నది జనం. చట్టం తినలేదు. చట్టం దృష్టిలో రిజిస్టరు మీద సంతకం పెట్టిన రోజే పెళ్లి. ఆ రోజు ఇంకా రాలేదు. అంటే నీ మూడు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. నావి ఎంత కొత్తగా ఉన్నాయో నీవీ అంతే కొత్తగా ఉన్నాయి." ఆమె వేళ్లు ముడవసాగింది. ఈసారి నిజంగా వేళ్ల మీదే లెక్కపెట్టింది, రెండుసార్లు. "కమ్యూన్ ఆఫీసువాళ్లు ఆఫీసువాళ్లు. వాళ్లకి శనివారం సెలవు. వాళ్లకి ఐదు రోజులు. తలుపు తీసేది మే నాలుగు పొద్దున. దానికి ముందు నువ్వు పెళ్లి చేసుకోలేవు. కాబట్టి మూడు, నాలుగు, ఐదు తారీకులు నీ పెళ్లి సెలవు. నాలుగో తారీకు పొద్దున సంతకం, మధ్యాహ్నం బస్సు, ఆరో తారీకు శనివారం పనిలో. శనివారం పనుంటుందే తోమ్, మరిచిపోకు."

"నాలుగు రాత్రులు," అంది తోమ్ తనూ వేళ్లు ముడిచి. కళ్లు తుడుచుకుని, "ఈసారి లెక్క తోవాన్ అన్న చేత సరిచూయించు," అంది.

తోవాన్ సెలవు ఫారం చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "కారణం: వివాహం? తోమ్‌కి నాలుగేళ్ల కూతురుంది!"

"ఉందన్నా."

"ఆ పిల్ల బారసాలకి కార్ఖానా తరఫున పాలడబ్బాలు పంపింది నేనే!"

"మీరు పంపారు. చట్టానికి ఇంకా తెలీదు. మే నాలుగున తెలుస్తుంది."

"సర్టిఫికెట్ కావాలి."

"ఆరో తారీకు తెస్తుంది. ఈ ఫారం మీద సంతకం మీ ఇష్టం కాదు, నూట పదిహేను, మొదటి క్లాజు. ఈసారి క్లాజు రెండుసార్లు చదివాను. వారం ఎవరిదని కూడా చూసుకున్నాను."

తోవాన్ నవ్వు ఆపుకుంటూ సంతకం చేసి ముద్ర వేశాడు.

సంగతి అరగంటలో షెడ్డంతా పాకింది. ఇంకో ముగ్గురు పెద్దమనుషులు తమ పెళ్లిళ్లు కూడా రిజిస్టరు కాలేదని బయటపడ్డారు. అందులో ఒకాయనకు పదకొండేళ్ల కవలలు. "మాది రిజిస్టరయిపోయింది సెక్షనక్కా," అంది కత్తిరింపుల బల్ల దగ్గరి ఆవిడ దిగులుగా. "విడాకులిచ్చి మళ్లీ చేసుకుంటే మూడు రోజులు మళ్లీ వస్తాయా?" మొదటి పెళ్లికే అని చట్టంలో ఎక్కడా లేదని లువా గంభీరంగా చెప్పింది. ఆవిడ భర్తను ఆ సాయంత్రం నుంచీ అందరూ సానుభూతితో పలకరించసాగారు.

ఏప్రిల్ ఇరవై మూడు ఆదివారం కార్ఖానా మూతపడే ఉంది. సెన్ పిన్ని గదిలో భర్త ఫొటో ముందు జిగురన్నం, ఉడికించిన కోడి, వెదురుమొలకల పులుసు, ఒక సిగరెట్టు, ఒక గ్లాసు బీరు పెట్టారు. అగరొత్తులు కాలిపోయాక చాపలు పరిచి అందరూ తినడానికి కూర్చున్నారు. కూరగాయలు తరిగింది లువా. చేపసాసు పోసింది తోమ్. ముద్ద నోట్లో పెట్టుకుంటూ తోమ్ అంది, "సంతకం పెట్టి ఉంటే ఇప్పుడు జిప్పులు కుడుతూ ఉండేవాళ్లం కదా పిన్నీ. నాకు రెండు రాత్రులే దక్కేవి."

"అది నీ అదృష్టం. నేను దాని కోసం పెట్టకుండా ఉండలేదు," అంది సెన్ పిన్ని ఖచ్చితంగా. "ఆయన కోసం పెట్టలేదు. ఇంకో ముక్క వేసుకో."

మే మూడో తేదీ ఉదయం ఏడున్నరకు మెషీన్లు మొదలయ్యాయి. తోమ్ మెషీను మీద గుడ్డ కప్పి ఉంది. ఒక్కొక్కరుగా వచ్చి ఆ గుడ్డను తాకి, లువా వైపు చూసి వెళ్లారు. కమ్యూన్ ఆఫీసువాళ్లు మరో రోజు కలుపుకుంటే? గుమాస్తాకు జ్వరమొస్తే? కాగితంలో ఏదో ఒక ముక్క తక్కువైతే? తన లెక్కలో ఈసారి ఏ శనివారం దాగి ఉందోనని రోజంతా వెతుకుతూనే ఉంది. ఒక సంచికి జిప్పు తలకిందులుగా కుట్టింది.

నాలుగో తేదీ పది గంటల టీ విరామంలో ఫోను మోగింది. ఫొటోలో కమ్యూన్ ఆఫీసు జెండా ముందు తోమ్, వియెన్ చెరో ఎర్ర పెళ్లి సర్టిఫికెట్ పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో రెండు జడల పిల్ల, ఒక చేత్తో తల్లి చొక్కా అంచు గుప్పెట పట్టుకుని ఉంది. ఫొటో వెనకే మిత్ గొంతుతో ఒక సందేశం వచ్చింది. లువా దాన్ని అందరికీ వినబడేలా పెట్టింది.

"నేను మా అమ్మా నాన్నల పెళ్లికొచ్చా. మా అమ్మ ఫోన్లో లేదు. ఇక్కడుంది."

లువా దాన్ని రెండోసారి పెట్టబోతే సెన్ పిన్ని ఫోను లాక్కుంది. "చాల్లే, ముక్కు తుడుచుకో. తోమ్‌వి అయిపోయాయి. ఇక షెడ్డు మొత్తానికి మిగిలింది నీ మూడు రోజులే."

"అక్కా, అక్కా," అని వెనక బల్ల నుంచి పిలిచారు. "సెప్టెంబరు రెండు శనివారమట. జాతీయ దినానికి ఎన్ని రోజులొస్తాయి? ఊరికి టికెట్లు కొనుక్కోవాలి."

లువా నోరు తెరిచింది. మూసింది. "మన వారపు సెలవు ఏ రోజు?" అని అడిగింది.

"ఆదివారం!" అంది షెడ్డంతా ఒకే గొంతుతో, చెవిటివాళ్లకు చెబుతున్నట్టు. "ఒక్కటే!"

"అయితే మూడు. జాతీయ దినానికి శుక్ర, శని రెండూ, ఆపైన మన ఆదివారం."

"మరి ఆఫీసువాళ్లకో?"

"నాలుగు. శనివారానికి బదులు వాళ్లకి సోమవారం."

ఎవరో టీ గ్లాసులో ఐసు గట్టిగా కొరికారు.

"సరే, మూడుకే కొనేస్తున్నాం," అంది ఆ గొంతు.

"ఆగండాగండి," అంటూ లువా అప్పటికే లేచి నిలబడింది. "ఒకసారి తోవాన్ అన్నని అడిగొస్తా."